ఇసుకలో పలకని కర్ర

తెల్లకర్ర చేతికొచ్చాక మొదటిసారి సెలవులకి ఊరికి వెళ్తే, మావాళ్ళు నన్ను ఎండుచేపలకి కాపలా పెట్టారు.

అందులో వాళ్ళ తప్పేమీ లేదు. మాది బిట్రగుంటకి తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న పాలెం. మా దగ్గర ఆడమనిషి చేతిలో కర్ర ఉందంటే దానికి ఒకటే అర్థం. ఇళ్ళ ముందు ఇసుక మీద పాత వలలు పరిచి, నెత్తళ్ళు, కవళ్ళు లాంటి చిన్నచేపల్ని ఎండబోస్తారు. ఎండ ఉన్నంతసేపూ ఎవరో ఒకరు సరుగుడు కర్ర పట్టుకుని కూర్చుని కాకుల్నీ కుక్కల్నీ తోలుతూ ఉండాలి. కాకులకి కర్ర ఊపితే చాలు. కుక్కలకి అప్పుడప్పుడూ దెబ్బ పడాల్సిందే, లేకపోతే సాయంత్రానికి సగం వల ఖాళీ అవుతుంది. మా అమ్మకి, పక్కింట్లో ఉండే మా మేనత్తకి, మా ఇళ్ళ వరసలోని ఆడవాళ్ళందరికీ ఊహ తెలిసినప్పటి నుంచీ అదే పని. కాబట్టి నేను ఆటో దిగి, సంచిలోంచి మడతకర్ర తీసి టకటకా సాగదీసేసరికి, ఇంటికి తీసుకెళ్ళడానికి ఎదురొచ్చిన మా మేనత్త తెగ సంబరపడింది.

"బలే ఉండాదే మే! తెల్లంగా, నున్నంగా. యాడ కొన్నావు?" అంది. ఇంటి ముందుకి చేరాక, "సరే, ఆ మొద్దు మీద కూర్చో. నేను నీళ్ళు పట్టుకోనొస్తా, కుక్కలొస్తే నాలుగు తగిలించు."

"అత్తా, నాకు కళ్ళు కనపడవు" అన్నాను.

"కుక్కలకి కనపడతాయి గదా" అంది. బిందె తీసుకుని వెళ్ళిపోయింది.

ఆమె అన్నది నిజమే. నేను వేలు కూడా కదపకుండా కర్ర నిలబెట్టి కూర్చుంటే, ఒక్క కుక్క కూడా వలల దాకా రాలేదు. నా మేనకోడలు కాపలా ఉంటే ఒక్క చేప పోలేదని సాయంత్రం ఆమె వరసంతా చాటింది. అంతకుముందు నన్ను చూడగానే నాలుక చప్పరించి "అయ్యో, బంగారం లాంటి పిల్ల" అని నిట్టూర్చే ఆడవాళ్ళు, మర్నాడు మా వాకిట్లోకొచ్చి "ఇయ్యాల మా తట్టు కూర్చుంటావా?" అని అడిగారు. జాలి కంటే ఇదే నయమనిపించింది. నవ్వుకుంటూనే వెళ్ళి కూర్చున్నాను. కానీ కూర్చున్నంతసేపూ నా చెవులు ఒక కుక్క కోసం వెతుకుతూనే ఉన్నాయి. మిగతా వాటితో పాటు అదీ రాలేదు.

ఆ కుక్క సంగతి చెప్పాలి. దానికి పేరు లేదు. మా పాలెంలో కుక్కలకి పేర్లు పెట్టరు. పేరు పెట్టి పిలిచిన దాన్ని చేపల దగ్గరికొచ్చిందని కొట్టడానికి చెయ్యి రాదు కదా. ఆడకుక్క. ఏం రంగో నాకు తెలియదు, అది మా వాకిట్లో తిరగడం మొదలుపెట్టేనాటికి నాకు రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చిన్నప్పుడు నాకు రేచీకటి ఉండేది. హైస్కూలుకొచ్చేసరికి పగలు కూడా ఎదురుగా ఉన్నది కొంచెమే కనిపించి, పక్కలన్నీ మూసుకుపోయాయి. ఇంటర్ అయ్యేలోపు ఆ కొంచెం కూడా పోయింది. నెల్లూరులో చూపించారు, మద్రాసులో చూపించారు. కంటి లోపలి పొర ఎండిపోయింది, చేసేదేమీ లేదన్నారు. నాన్న ఆ మాట నమ్మక ఇంకా చాలా చోట్లకి తిప్పాడు.

నా చదువేమవుతుందని నాన్న, నా పెళ్ళేమవుతుందని అమ్మ ఏడ్చేవాళ్ళు. నేను ఏడ్చింది వేరే దానికి. పొద్దున్నే పడవలు వచ్చే వేళకి ఒడ్డుకి పోలేకపోయానే అని. పడవ ఇసుకకి తగలగానే మగవాళ్ళ కేకలు, వలలోంచి చేపలు దులిపే చప్పుడు, తడి తాడు వాసన, వీటన్నిటి మధ్యా పెరిగినదాన్ని. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళు, కాదనను. కానీ అక్కడ ఎవరి పని వాళ్ళది. నన్ను ఒకచోట నిలబెట్టి "ఈడ్నే ఉండు, కదలబాక" అని పోయేవాళ్ళు. గంపని దించి పోయినట్టు. పని అయ్యాక గుర్తొస్తే వచ్చి తీసుకెళ్ళేవాళ్ళు.

ఒక్కదాన్నే వెళ్ళొచ్చు కదా అంటారు. సముద్రం దగ్గరికి వెళ్ళడం కష్టం కాదు. గాలికెదురుగా నడుస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు కాళ్ళు తడుస్తాయి. వెనక్కి రావడమే తెలియదు. ఇసుకలో గోడ ఉండదు, గట్టు ఉండదు, అడుగుల చప్పుడు ఉండదు. సముద్రం హోరు ఒకచోటి నుంచి రాదు, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా అంతటా ఒకేలా ఉంటుంది. దాన్ని బట్టి మా ఇల్లు ఏ సందులో ఉందో పట్టుకోలేం. రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ సరుగుడు తోపులో తేలాను. రెండోసారి అమ్మ కొట్టింది.

అప్పుడొచ్చింది ఆ కుక్క. తెల్లవారుజామున వాకిట్లో నిలబడి ఉంటే మోకాలికి వెచ్చగా ఏదో రాసుకుంది. వంగి చెయ్యి వేస్తే వీపు. గరుకు బొచ్చు, మధ్యలో ఎముకలు. పడవల దగ్గరికి పోతోంది. నా చెయ్యి పడగానే ఆగింది. చెయ్యి తియ్యకపోయేసరికి, సరే నీ ఖర్మ అన్నట్టు నడక మొదలుపెట్టింది. నేనూ కదిలాను. నేరుగా నాన్న పడవ దగ్గరికే పోయింది, ఎందుకంటే చిన్నచేపలు విసిరేది ఆ పాలెంలో నాన్న ఒక్కడే. తిరిగి వచ్చేటప్పుడు నా చేతిలో రెండు చేపలున్నాయి కాబట్టి అది నన్ను వదల్లేదు. ఇంటి ముందు దాకా వచ్చి, చేపలు తీసుకుని, తన దారిన తాను పోయింది. మర్నాడూ అంతే.

ఏవేవో ఊహించుకునే మనిషిని కాను నేను. దానికి కావలసింది చేప, నాకు కావలసింది ఒడ్డు. కానీ ఆ నడకలో నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. పట్టుకున్నది నేను. కావాలంటే వదిలెయ్యొచ్చు. ఆ తేడా కళ్ళున్నవాళ్ళకి ఎంత చెప్పినా అర్థం కాదు, నేనూ చెప్పడం మానేశాను. డిగ్రీ, ఆ తర్వాత బీఎడ్ చదివినన్నాళ్ళూ హాస్టల్లో ఉండేదాన్ని, సెలవులకి వచ్చినప్పుడల్లా అది వాకిట్లో ఉండేది. అమ్మ మాత్రం "దాన్ని నువ్వే మప్పినావు, మళ్ళీ నేను కొట్టలేక చస్తాండా" అని విసుక్కునేది.

నెల్లూరులో గవర్నమెంటు హైస్కూల్లో తెలుగు టీచరుగా ఉద్యోగం వచ్చాకే నేను కర్ర పట్టాను. బస్సు దిగి స్కూలుకి రోజూ ఎవరి చెయ్యి పట్టుకుని పోతాను? వేరే ఊళ్ళో ఉన్న ఒక శిక్షణ కేంద్రంలో కొన్ని వారాలు ఉండి నేర్చుకున్నాను. మొదట్లో కర్రంటే నాకు అసహ్యం. వీధిలో ఉన్నవాళ్ళందరికీ, ఇదిగో గుడ్డిదొస్తోంది అని దండోరా వేస్తున్నట్టుండేది. తర్వాత తర్వాత దాని రుచి తెలిసింది. సిమెంటు మీద ఒక మాట చెప్తుంది, తారు మీద ఒక మాట, కాలవ మూత మీద ఇంకో మాట. గోడ దగ్గరపడితే చప్పుడు మారుతుంది. నెల్లూరు వీధుల్లో, ఆ మోటారు సైకిళ్ళ మధ్య, ఎవరినీ బతిమాలకుండా స్కూలుకి చేరిన మొదటి రోజు స్టాఫ్ రూములో కూర్చుని నా చేతుల్ని నేనే నొక్కుకున్నాను. నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు మాత్రం కొన్నాళ్ళు నా వెనకే దొంగతనంగా నడిచిందట, ఏమవుతానోనని. ఆమె ప్రార్థనలు చేసే మనిషి, నా కోసం కూడా చేసేదట.

ఆ గర్వంతోనే కదా కర్ర ఊపుకుంటూ ఊరికి వెళ్ళాను. రోడ్డు తుఫాను షెల్టరు దగ్గర ఆగిపోతుంది. సిమెంటు అంచు దాటి కర్ర ఇసుకలో పెట్టాను. నోరు పడిపోయినట్టు కర్ర ఏమీ చెప్పలేదు. కొస కూరుకుపోతుంది, పక్కకి జరపబోతే ఇసుక అడ్డుపడుతుంది, లేపి పెడితే ఎక్కడ పెట్టినా ఒకటే మెత్తదనం. అయినా ఫరవాలేదనుకున్నాను, ఇక్కడ నాకు వేరే తోడుంది కదా అని.

కాపలా రెండు రోజులూ అయ్యాక, మూడో పొద్దున కర్ర లోపల పెట్టి ఖాళీ చేతులతో వాకిట్లో నిలబడ్డాను. చాలాసేపటికి వచ్చింది. దూరంగా ఆగింది, ఊపిరి వినిపిస్తోంది. చెయ్యి చాపాను. వాసన చూసింది. మెల్లగా వెనక్కి తగ్గి, ఒక్కసారిగా పరుగెత్తి పోయింది. నన్ను కర్రతో చూసేసింది మరి. మా పాలెం కుక్కకి కర్ర పట్టిన మనిషంటే ఎవరో పుట్టినప్పటి నుంచీ తెలుసు. నా కర్ర కొట్టడానికి కాదని దానికి ఏ భాషలో చెప్పను?

ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా అలాగే జరిగింది. ఒక ఏడాది వెళ్తే అది లేదు. ఏమైందని అడిగితే ఎవరికీ గుర్తు రాలేదు, కుక్కే కదా. అప్పటి నుంచి ఊరికెళ్తే షెల్టరు దగ్గర ఆటో దిగి అమ్మకి ఫోన్ చేస్తాను. అమ్మ చేతులు తుడుచుకుంటూ వస్తుంది. నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్తుంది. నెల్లూరంతా ఒక్కదాన్నే తిరిగే నేను, నేను పుట్టిన ఇసుకలో అడుగుపెట్టగానే మళ్ళీ ఎవరో దించి పోయే గంపనవుతాను. నెల్లూరు ఇంట్లో పొద్దున్నే మెలకువ వచ్చినప్పుడు, ఇప్పుడు పడవలు వస్తుంటాయి అనుకునేదాన్ని. అలా ఏళ్ళు గడిచాయి.

ఈమధ్య చెన్నైలో చూపులేని టీచర్ల సమావేశానికి వెళ్ళాను. అక్కడికి ఒకామె కుక్కతో వచ్చింది. దారి చూపడానికి తర్ఫీదు ఇచ్చిన కుక్క. మన దగ్గర అలాంటివి ఉన్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దానికి తర్ఫీదు ఇచ్చిన ట్రైనరమ్మ కూడా వచ్చింది. భోజనాల తర్వాత ఆమె నా చేతికి గట్టి పిడి ఒకటి అందించింది, కుక్క వీపు మీది పట్టీకి బిగించినది. "ముందుకి అని చెప్పండి మేడమ్" అంది.

చెప్పాను. నా చెయ్యి ముందుకు పోయింది, చెయ్యి వెంట నేనూ పోయాను. కర్రతో నడిచేటప్పుడు ప్రతి అడుగుకీ ముందు ఒక ప్రశ్న ఉంటుంది, ఏముంది, ఏముంది అని. ఇక్కడ ప్రశ్న లేదు. కుర్చీల మధ్య నుంచి, మనుషుల మధ్య నుంచి, పిడి ఇటు వంగితే ఇటు, అటు వంగితే అటు. వరండా చివరకి వెళ్ళేసరికి నేను దాదాపు పరుగెత్తుతున్నాను. ఆగాక తెలిసింది, నా చెయ్యి పిడి వదిలేసి కుక్క వీపు మీదికి పోయిందని. మెత్తటి బొచ్చు, ఎముకలు తెలియని వీపు. ఏళ్ళ తరబడి నాకు కొరతగా ఉన్నది ఇదేనని అప్పుడర్థమైంది. ఆ వరండాలో నిలబడి ఏడ్చేశాను. ట్రైనరమ్మ నీళ్ళ సీసా ఇచ్చింది.

తర్వాత ఆమె సూటిగా మాట్లాడింది. కుక్క కావాలంటే దరఖాస్తు పెట్టొచ్చు, వాళ్ళ దగ్గర ఇంకో కుక్క తయారవుతోంది. కానీ కుక్కంటే కర్రలాగా మడిచి సంచిలో పెట్టేది కాదు, మీ రోజంతా దాని చుట్టూ తిరగాలి అంది. "కర్రతో బాగానే నడుస్తున్నారు కదా. కుక్క ఎక్కడికి వెళ్ళడానికి కావాలి మీకు?"

స్కూలుకని చెప్పాలి నేను. బజారుకని చెప్పాలి. "మా అమ్మ ఇంటి నుంచి సముద్రం దాకా. మళ్ళీ ఇంటిదాకా" అన్నాను.

ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేసి కుక్క సంగతి చెప్పాను. మా అమ్మ జీవితంలో కుక్కని గడప దాటనిచ్చిన మనిషి కాదు.

"దాన్ని కొట్టకూడదా?" అని అడిగింది.

"కొట్టకూడదమ్మా. దాన్ని ఎవరూ కర్ర పెట్టి బెదిరించకూడదు."

"నేను కర్ర దించతాలే. మిగతావోళ్ళని అడగాల గదా."

అడిగింది కూడా. మర్నాడే మేనత్త ఫోన్ చేసింది. "మే, మీ అమ్మ ఓట్లడిగినట్టు ఇల్లిల్లూ తిరగతాంది! మా పాప కుక్కని తెస్తాది, ఎవురూ కర్ర ఎత్తబాకండి అని. ఏందా కుక్క? చేపలు తినదంటనే?"

"పనిలో ఉన్నప్పుడు తినదత్తా. కింద పడింది ఏదీ ముట్టదు, అలా నేర్పిస్తారు."

"అట్టనా! అయితే ఆ నేర్పించే ఆయమ్మ దగ్గరికి మీ మామని కూడా పంపిస్తా. బ్రాందీషాపు ముందర నుంచి పోయేటప్పుడు ముట్టకుండా నేర్పమను."

వరసలో అందరూ ఒప్పుకున్నారు. మా దగ్గర మాట అంటే మాటే. ఇంటి యజమానురాలు కూడా కాసేపు దేవుణ్ణి తలుచుకుని సరేనంది. నేను దరఖాస్తు పెట్టాను. ట్రైనరమ్మ చెప్పిన ఆ రెండో కుక్క ఇంకా తయారవుతుండగానే, నాకు సరిపోతుందో లేదో చూడటానికి ట్రైనరమ్మ దాన్ని వెంటపెట్టుకుని నెల్లూరు వచ్చింది. స్కూలు దారిలో నడిపించాం, ఏ ఇబ్బందీ లేదు. శనివారం మా పాలెం వెళ్ళాం. రాత్రికి అక్కడే ఉన్నాం. కుక్క మా అమ్మ మంచం కింద పడుకుంది. అమ్మ కాళ్ళు కింద పెట్టడానికి భయపడి పొద్దుటిదాకా మంచం దిగలేదు.

తెల్లవారుజామున వాకిట్లోంచి బయలుదేరాం. ట్రైనరమ్మ వెనకే ఉంది. ఆ కుక్క అంతకుముందు సముద్రం ఒడ్డు ఎరగదు. మెత్తటి ఇసుకలో ఒక కాలు పెట్టి ఆగింది. తొందరపెట్టొద్దని ట్రైనరమ్మ చెప్పింది. కాసేపటికి దానంతట అదే కదిలింది. అప్పుడే వలలు పరుస్తున్నారు. దారి పొడుగునా ఆడవాళ్ళున్నారు, వాళ్ళ ఊపిరి వినబడుతోంది. కర్రలన్నీ నేల మీద పెట్టి కూర్చున్నారని తర్వాత చెప్పారు. పిడి కుడికి వంగింది, ఒక వల తప్పింది. ఎడమకి వంగింది, ఇంకో వల తప్పింది. ఇసుక గట్టిపడింది. తర్వాత తడి తగిలింది. తర్వాత అల నా పాదాల మీదికి వచ్చింది, కుక్క ఎగిరి వెనక్కి దూకి గట్టిగా తుమ్మింది. నేను నవ్వాను. పక్కన పడవ మీది మగవాళ్ళు కూడా నవ్వారు.

చాలాసేపు నిలబడ్డాను. నన్నెవరూ అక్కడ నిలబెట్టలేదు, నేనే వెళ్ళి నిలబడ్డాను. ఎప్పుడు పోవాలో కూడా నా ఇష్టమే. తర్వాత "వెనక్కి, ఇంటికి" అన్నాను. అది తిరిగింది. వచ్చిన దారినే, వలల మధ్య నుంచి, మా సందులోకి, మా వాకిట్లోకి. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చింది. "ఒక్క చేపని తొక్కలేదే" అంది. మా అమ్మ నోటి నుంచి ఒక కుక్కకి అంతకంటే పెద్ద మెప్పు రాదు.

ఆ పూట అక్కడితో ఆగి ఉంటే ఈపాటికి నేను ఎక్కడుండేదాన్నో. ఎండ ఎక్కాక ఇంకోసారి నడుద్దామన్నాను, ఆశ. అప్పటికి పాలెం కుక్కలకి కొత్త వాసన అందింది. సగం దారిలో ఒకటి మొరిగింది, ఆ వెంటనే నాలుగు పక్కల నుంచీ అందుకున్నాయి. చుట్టుముట్టాయి. ట్రైనరమ్మ ముందుకొచ్చి నిలబడింది. నా కుక్క, అప్పటికే మనసులో దాన్ని అలాగే అంటున్నాను, కదలకుండా నిలబడింది.

అప్పుడు మా ఆడవాళ్ళు లేచారు. ఈ కుక్క మీద కర్ర ఎత్తబోమని మాటిచ్చారు గానీ, మిగతా వాటి విషయంలో ఎవరూ మాట తీసుకోలేదు కదా. ఎండబోసిన చేపల్ని వదిలేసి, కర్రలు పట్టుకుని, ముసలివాళ్ళతో సహా అందరూ పరుగెత్తుకొచ్చారు. దెబ్బల చప్పుడు నాకు అన్ని వైపుల నుంచీ వినిపించింది. వీపుల మీద, కాళ్ళ మీద. చేపల కోసం వేసే దెబ్బలు కావవి, నా కోసం వేసే దెబ్బలు. నా పక్కనున్న కుక్క ఏం చేసిందో తెలుసా? తోక ఊపింది. జీవితంలో దెబ్బ తినలేదది, కర్రంటే ఏమిటో తెలియదు. ఆడుకుంటున్నారనుకుంది. చుట్టూ అన్ని కుక్కలు కుయ్యోమంటుంటే దాని తోక నా పిక్కకి టపటపా కొట్టుకుంటూనే ఉంది.

అంతా సద్దుమణిగాక కూడా ఏదో పడవ కింద ఒక కుక్క మూలుగుతోంది. మేనత్త ఆయాసపడుతూ వచ్చి నా భుజం తట్టింది.

"ఇంక రావులే, బయపడబాక. నువ్వొచ్చిన ప్రెతిసారీ ముందురోజే అన్నిట్నీ ఇట్టనే తోలిపెడతాం. నువ్వు నిమ్మళంగా సముద్రానికి పోయిరా."

ఆమె ప్రేమగా అన్న మాట అది. నేను కుక్కతో "ఇంటికి" అన్నాను.

వెళ్ళేటప్పుడు ట్రైనరమ్మ దాచకుండా చెప్పింది. నెమ్మదిగా అలవాటు చేస్తే కుదరొచ్చు, కుదరకపోవచ్చు. ఒక్కసారి గట్టిగా కరిచాయంటే మాత్రం ఈ కుక్క ఇక పని చెయ్యదు, ప్రతి కుక్కకీ బెదురుతుంది. ఇక మీ ఇష్టం అంది. నేను వారం రోజులు ఏమీ తినబుద్ధి కాక తిరిగాను. నెల్లూరుకి కర్ర చాలు, అందులో సందేహం లేదు. కుక్క కావలసింది ఆ ఇసుకకే. ఆ ఇసుకలో నేను స్వేచ్ఛగా నడవాలంటే అక్కడున్న ప్రతి కుక్కా, నన్ను ఒడ్డుకి తీసుకెళ్ళిన ఆ కుక్క పిల్లల పిల్లలతో సహా, నేను వెళ్ళినప్పుడల్లా దెబ్బలు తినాలి. అలాంటి నడక నాకొద్దు. వద్దని ఫోన్ చేసి చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు బాగానే ఉంది. పెట్టేశాక తెల్లకర్రని గోడకేసి కొట్టాను, దానికి ఏమీ కాలేదు.

అమ్మ చాలా కోప్పడింది. "ఊరందర్నీ అడుక్కోని ఒప్పించినా గదే. కుక్కలకి దెబ్బలు కొత్తా? అయ్యి ఎప్పుడూ తినేయే. నీకెందుకు?" అంది. ఇప్పటికీ ఊరికి వెళ్తే షెల్టరు దగ్గర దిగి ఫోన్ చేస్తాను. అమ్మ వస్తుంది. ఆ రోజు నుంచి నా చెయ్యి ఇంకొంచెం గట్టిగా పట్టుకుంటోంది.

మొన్న ఇంటర్వెల్లో ట్రైనరమ్మ ఫోన్ చేసింది. ఆ కుక్కని వేరే ఊళ్ళో ఒకామెకి ఇచ్చారట. అదీ సముద్రం ఉన్న ఊరే. ఒడ్డు వెంబడి మంచి ఫుట్‌పాత్ ఉందట. ఆమె రోజూ సాయంత్రం దాన్ని తీసుకుని ఆ ఫుట్‌పాత్ మీద నడుస్తుందట. మంచిదండీ అన్నాను. నేను సంతోషించాల్సిన మాటే అది. నా కుక్కని ఎవరికో ఇచ్చేశారు అనే అనిపించింది.

"ఒక్కటే ఇబ్బంది మేడమ్" అంది ఆమె. "నడుస్తూ నడుస్తూ ఒక్కోసారి ఇసుక వైపుకి లాగుతుందట. ఎప్పుడూ లేదు దానికి ఈ అలవాటు. మీ ఊళ్ళో తప్ప ఇంకెక్కడా అది ఇసుకలో నడవలేదు. ఆమెకేమో ఇసుకంటే భయం. అక్కడ దానికి ఎవరైనా చేప గానీ పెట్టారా?"

ఎవరూ పెట్టలేదని నాకు తెలుసు. నా చేతిలో పిడి ఉన్నట్టే వేళ్ళు ముడుచుకున్నాయి. ఇసుక అంచున నిలబడి నీళ్ళ వైపు ముక్కు చాపిన ఆ కుక్కని ఒక్క క్షణం మనసులో నా దగ్గరే ఉంచుకున్నాను. నేను ఎరిగిన ప్రాణులన్నిటిలోనూ, నేను ఎక్కడికి పోవాలనుకుంటానో తెలిసినది అదొక్కటే. లాగనివ్వండి, ఒక్కసారి దాని వెంట వెళ్ళి చూడమనండి అని నోటిదాకా వచ్చింది.

కానీ ఆమె కూడా నాలాగే కళ్ళు లేని మనిషి. ఆ పిడిని నమ్ముకుని రోడ్డు దాటే మనిషి.

"పెట్టలేదండీ" అన్నాను. "ఆ అలవాటు మాన్పించండి. ఆమెకి ప్రమాదం."

అలాగే మాన్పిస్తామంది. బెల్లు కొట్టారు, నేను క్లాసుకి వెళ్ళాను.